క్యాన్సల్ మీద వచ్చిన మనిషి

గల్ఫ్ నుంచి దిగిన మనిషి నిజామాబాద్ బస్టాండులోనో బోధన్ చౌరస్తాలోనో తెలిసినవాళ్ల కంట పడితే, బాగున్నవా అన్న వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఛుట్టీ మీద వచ్చినవా, క్యాన్సల్ మీదనా?" ఛుట్టీ (సెలవు) అంటే దావత్ అడుగుతారు. వీసా క్యాన్సల్ చేసుకుని వచ్చానంటే కాస్త ఆగి, "ఏం కాదు తియ్యి, ఇంకో వీసా చూసుకుందువు గాని" అంటారు. ఆ మాటలో జాలి ఉంది, సలహా ఉంది, ఇక్కడ నీకు పని దొరకదన్న తీర్పు కూడా ఉంది.

గల్ఫ్ వలస మీద మన పత్రికలు రాసింది తక్కువేం కాదు. ఏజెంట్ల మోసాలు, ఎడారిలో గొర్రెలు కాసే బతుకులు, శంషాబాద్‌లో దిగే శవపేటికలు అన్నీ అచ్చయ్యాయి. పోవడం గురించి రాశాం, చావడం గురించి రాశాం. బతికుండి, కాళ్ల మీద నడిచి తిరిగొచ్చే మనిషి ఎలా సిద్ధపడాలి, అతని కోసం ఊరు ఎలా సిద్ధపడాలి అన్నదాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అందులోనూ ఏడాదికే తిరిగొచ్చేవాడిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పదేళ్లు ఉండి వచ్చినవాడికి డాబా ఇల్లయినా ఉంటుంది, కూతురి పెళ్లయినా అయిపోయి ఉంటుంది. ఏడాదివాడి దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఎందుకు ఉండదో తెలియాలంటే ముందు పైసల లెక్క చూడాలి.

అబుదాబిలో ఒక హెల్పర్‌కు అన్నీ కలిపి వెయ్యి దిర్హాములు జీతం అనుకుందాం. దిర్హాం 23 రూపాయలు వేసుకుంటే నెలకు 23 వేలు. తిండి, ఫోను, సబ్బుబిళ్ల, షేవింగ్ పోను గట్టిగా పొదుపు చేస్తే ఇంటికి 600 దిర్హాములు, అంటే 13,800 రూపాయలు పంపగలడు. ఏజెంటుకు, మెడికల్‌కు, టికెట్టుకు కలిపి లక్షా ఇరవై వేలు అప్పు తెచ్చి పోయాడు. ఊళ్లో నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి మామూలు మాట. అంటే మొదటి నెల మిత్తే 3,600. ఇంటి ఖర్చుకు 5 వేలు తీసి మిగతా 8,800 నెలనెలా తప్పకుండా షావుకారికి కట్టినా, పన్నెండు నెలలయ్యేసరికి ఇంకా 46 వేలు బాకీ ఉంటుంది. ఇది జీతం ఒక్క నెల కూడా ఆగకుండా, ఒక్కసారి కూడా జ్వరం రాకుండా, ఇంట్లో ఏ ఖర్చూ మీద పడకుండా వేసిన లెక్క. అంత అదృష్టం ఎంతమందికి ఉంటుంది?

అందుకే ఏడాదికి వాపస్ రావడానికి సిద్ధపాటు ఆఖరి నెలలో సామాను సర్దుకోవడంతో మొదలు కాదు. అది అప్పు కాగితం మీద సంతకం పెట్టే రోజే మొదలు కావాలి. మొదటి సంవత్సరం సంపాదన కోసం కాదు, అప్పు తీర్చడానికే అని తెలిసి పోయేవాడు ఎవడూ ఉండడు. ఏజెంటు చెప్పడు. చెప్పాల్సిన సర్కారు అతను పోయేముందు ఒక బీమా కాగితం చేతిలో పెట్టి ఊరుకుంటుంది.

ఒకప్పుడు మనుషుల్ని బయటికి పంపే ప్రాంతం కాదు ఈ నిజామాబాద్, రప్పించుకున్న ప్రాంతం. మంజీర మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాల్వలు ఇక్కడి భూముల్ని మార్చేశాయి. కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు కదిలివచ్చి వర్ని, బోధన్ చుట్టూ స్థిరపడ్డాయి. ఆ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అన్న మాట నేటికీ ఉంది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ కాలనీ, క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, చెరకు తోటలు వచ్చాయి. ఒక తరం మొత్తం ఆ ఫ్యాక్టరీ సైరన్ విని గడియారం సరిచేసుకుంది. ఆసియాలోనే పెద్దది అని చెప్పుకునేవాళ్లు, ఆ గర్వంలో కొంత అతి ఉన్నా కూలి మాత్రం నిజమే. పర్మినెంటు ఉద్యోగి, సీజన్ కార్మికుడు, చెరకు కొట్టేవాడు, బండి తోలేవాడు, గానుగ ఆడినన్ని నెలలు టీ అమ్ముకునేవాడు అందరూ దాని మీద బతికారు.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు వాళ్ల చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ నోటీసు అంటించారు. బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లు కూడా ఆగిపోయాయి. సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది. చెరకు వేసిన రైతు వరికి మారాడు. వరికి కూలీల పని ఉంటుంది కానీ ఏడాదిలో కొన్ని వారాలే. రుద్రూర్ చెరకు పరిశోధన కేంద్రం ఇప్పటికీ ఉంది, చుట్టుపక్కల చెరకే తగ్గిపోయింది.

వలసకు ఫ్యాక్టరీ మూతే కారణమని కొందరు రాస్తారు. అది నిజం కాదు. ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ నుంచి గల్ఫ్ బాట 1970ల నాటిది. అంతకుముందు బొంబాయి, భివండి, షోలాపూర్ బాట. నిజామాబాద్ మీదుగా ముంబై పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో పెట్టె పట్టుకుని ఎక్కినవాళ్లలో ఎందరికి విమానం అక్కడి నుంచే! 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాకే ముంబై అవసరం తగ్గింది. ఫ్యాక్టరీ మూత చేసిన నష్టం వేరే. పోయేవాళ్లను అది తయారు చేయలేదు, వచ్చేవాళ్లకు చోటు లేకుండా చేసింది. 1990లో దుబాయి నుంచి ఖాళీ చేతులతో వచ్చినవాడు కూడా సీజన్‌కు శక్కర్‌నగర్ గేటు దగ్గర నిలబడేవాడు. ఇప్పుడు నిలబడటానికి ఆ గేటు లేదు.

ఇక అక్కడ, వెళ్లిన చోట, సర్దుకోవాల్సిన సంగతులు. ఏడాది అన్న మాటకు గల్ఫ్ చట్టాల్లో చాలా బరువుంది. దాన్ని తెలుసుకోకుండా వచ్చేసేవాళ్లే ఎక్కువ. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ఒక సంవత్సరం పూర్తి చేసినవాడికే గ్రాట్యుటీ. ఏడాదికి 21 రోజుల మూల వేతనం. పదకొండు నెలల ఇరవై రోజులకు టికెట్టు చౌకగా దొరికిందని వచ్చేసిన మనిషి ఆ డబ్బంతా అక్కడే వదిలేసినట్టు. మూల వేతనం అన్నచోట ఇంకో మెలిక ఉంది. వెయ్యి దిర్హాముల జీతంలో బేసిక్ 600 అని, మిగిలింది అలవెన్సు అని కాంట్రాక్టులో రాసి ఉంటుంది. అప్పుడు 21 రోజులకు వచ్చేది 420 దిర్హాములే. మన లెక్కలో పదివేలకు కాస్త తక్కువ. అయినా షావుకారికి ఒక నెల కట్టవచ్చు. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో బాకీలన్నీ ఇవ్వాలని, మనిషి ఇంకో కంపెనీలో చేరకపోతే, తప్పు అతనిది కాకపోతే వాపసు టికెట్టు యజమానే పెట్టుకోవాలని అదే చట్టం చెబుతుంది.

సౌదీ సంగతి వేరు. అక్కడ మొదటి అయిదేళ్లకు ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్క కడతారు. కానీ తనంతట తాను రాజీనామా చేస్తే రెండేళ్లు నిండేదాకా చిల్లిగవ్వ రాదు. కువైట్‌లో ఆ గడువు మూడేళ్లు. మనవాళ్ల కాంట్రాక్టులు ఎక్కువగా రెండేళ్లవి కాబట్టి సౌదీ నుంచి ఏడాదికి వచ్చేవాడు రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆలోచించాలి. కంపెనీ తీసేసిందా, తాను వదిలేశాడా అన్న ఒక్క వాక్యం మీద డబ్బు ఆధారపడి ఉంటుంది. ఆ వాక్యం అరబ్బీలో ఉంటుంది. పక్క గదిలో చదవగలిగే మలయాళీనో హైదరాబాదీనో పట్టుకుని చదివించుకోవడం కంటే పెద్ద సిద్ధపాటు ఏదీ లేదు.

2021 మార్చి నుంచి సౌదీలో కార్మికుడు కాంట్రాక్టు ముగిశాక ఫైనల్ ఎగ్జిట్ తానే పెట్టుకునే వీలు ఇచ్చారు. మనవాళ్లు దాన్ని ఖురూజ్ అంటారు. అయితే ఆ వీలు ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు, హౌస్ డ్రైవర్లకు, తోటమాలికి, గొర్రెల కాపరికి లేదు. నిజామాబాద్, కామారెడ్డి పల్లెల నుంచి పోయినవాళ్లలో చాలామంది చేసేది ఈ పనులే. వాళ్ల ఖురూజ్ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దయ మీద ఉంటుంది. కఫీల్ మంచివాడైతే ఎయిర్‌పోర్టు దాకా కారులో దింపుతాడు, పిల్లలకు ఖర్జూరాలు ఇస్తాడు. కాకపోతే పారిపోవడమే. పారిపోయినవాడు ఖల్లివల్లి. ఇఖామా (నివాస అనుమతి కార్డు) చెల్లదు, పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉంటుంది, తిరిగి రావాలంటే ఆమ్నెస్టీ కోసం ఎదురుచూడాలి. 2017లో సౌదీ, 2018లో యూఏఈ, 2020లో కువైట్ ఇచ్చాయి. 2024లో కువైట్ మార్చి నుంచి జూన్ దాకా, యూఏఈ సెప్టెంబర్ ఒకటి నుంచి డిసెంబర్ ఆఖరు దాకా మళ్లీ ఇచ్చాయి. అలాంటప్పుడు ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ ఒక్కటే చేతిలో ఉంటుంది. దాన్ని పట్టుకుని వచ్చినవాడికి గ్రాట్యుటీ గురించి చెప్పడం ఎగతాళి అవుతుంది.

జీతం బాకీ ఉండి, కేసు తేలకముందే రావాల్సినవాళ్లది మధ్యరకం కష్టం. కరోనా వేళ 2020 మే 7న మొదలైన వందేభారత్ విమానాల్లో వచ్చినవాళ్లు వేలమంది ఇలాగే బాకీలు అక్కడే వదిలేసి వచ్చారు. ఆకలి మీద ఉన్నవాడు కోర్టు వాయిదా కోసం ఎన్నాళ్లు కూర్చుంటాడు? కానీ విమానం ఎక్కేముందు రెండు పనులు చేసుకోవచ్చు. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, కాంట్రాక్టు, గుర్తింపు కార్డు ఫొటోలు తీసి ఇంటివాళ్ల ఫోనుకు పంపాలి. నమ్మకమైన మనిషికో, ఎంబసీ చెప్పిన వకీలుకో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. సౌదీలో కార్మిక దావాకు గడువు పని వదిలిన నాటి నుంచి పన్నెండు నెలలు. ఊరికి వచ్చి, అలసట తీరి, ఎవరినో అడుగుదాంలే అనుకునేలోపు అది అయిపోతుంది.

అక్కడి ఫోను బిల్లు, వాయిదాల మీద కొన్న ఫోను, క్రెడిట్ కార్డు బాకీ కూడా చిన్నవి కావు. వాటి మీద కేసు పడి ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు.

లేబర్ క్యాంపులో సామాను కట్టే రాత్రి చూడాలి. మంచాలు ఒకదాని మీద ఒకటి ఉన్న గదిలో మధ్య జాగాలో ఒక అట్టపెట్టె. ఒకడు పెట్టె నొక్కి పడతాడు, ఒకడు గోధుమరంగు టేపు చుడతాడు, ఇంకొకడు పైన నైలాన్ తాడు బిగిస్తాడు. చేతితో పట్టుకుని లేపే చిన్న కాంటాకు తగిలించి ముగ్గురూ ముల్లు వైపు చూస్తారు. బరువెక్కితే పాలపొడి డబ్బా తీసేస్తారు, నిడో పోతుంది గాని టైగర్ బామ్ సీసాలు పోవు, ఎందుకంటే అవి ఎవరెవరికో చెప్పిన మొక్కులు. మందపాటి నల్ల మార్కరుతో నాలుగు వైపులా పేరు, ఊరు, మండలం, జిల్లా, ఇంటి ఫోను నంబరు రాస్తారు. రాసేది అందరిలో దస్తూరి బాగున్నవాడు. ఊళ్లో ఆ పెట్టె గదిలో మూల ఏళ్ల తరబడి ఉంటుంది, బట్టలు పెట్టుకోవడానికి. ఛుట్టీ మీద వచ్చేవాడి పెట్టె, క్యాన్సల్ మీద వచ్చేవాడి పెట్టె బరువులో ఒకటే. నా ఉద్దేశంలో అలా ఉండకూడదు. ఖాళీ చేతులతో పోతే ఇజ్జత్ పోతుందని ఆఖరి నెల జీతమంతా రగ్గులకు, సెంటు సీసాలకు, గోల్డ్ షాపుకు పెట్టడం ఏడాదివాడు చేసుకునే అతి పెద్ద నష్టం.

బంగారం మాట వచ్చింది కాబట్టి కస్టమ్స్ సంగతి. 2016 నాటి బ్యాగేజీ నియమాల్లో ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకే బంగారు నగల మినహాయింపు ఇచ్చారు. మగవాడికి 20 గ్రాములు, ఆడమనిషికి 40 గ్రాములు. అయితే విలువ వరుసగా 50 వేలు, లక్ష దాటకూడదన్న షరతు పెట్టారు. తులం లక్ష దాటిన రోజుల్లో 50 వేలకు వచ్చేది అర తులం లోపే. నియమాలు ఆ తర్వాత సవరణకు వచ్చాయి కాబట్టి దుకాణంవాడి మాట నమ్మకుండా కొనే నెలలో ఏది అమల్లో ఉందో చూసుకోవాలి. రెండేళ్లలో కనీసం ఒక ఏడాది బయట ఉండి మకాం ఎత్తేసి వచ్చేవాడికి రెండు లక్షల దాకా ఇంటి సామానుకు మినహాయింపు కూడా ఆ 2016 నియమాల్లో ఉండేది. మన హెల్పర్‌కు దానితో పనేముంది? టీవీ తెద్దామంటే ఫ్లాట్ టీవీకి 2013 ఆగస్టు 26 నుంచే సుంకం పడుతోంది. శంషాబాద్‌లో కట్టే ఆ డబ్బుతో నిజామాబాద్‌లోనే టీవీ ధరలో కొంత చెల్లించవచ్చు.

వచ్చాక ఇక్కడి కాగితాలు అక్కడివాటి కంటే ఎక్కువ సతాయిస్తాయి. ముందుగా సిమ్ కార్డు. ఇండియా నంబరు నెలల తరబడి రీఛార్జి లేక బంద్ అవుతుంది, అదే నంబరు ఇంకెవరికో పోతుంది. ఆధార్‌కు, బ్యాంకుకు, గ్యాసుకు ఉన్నది ఆ నంబరే. ఓటీపీ ఎవరో తెలియని మనిషికి పోతుంటే ఇంటాయన మీసేవ దగ్గర వరుసలో నిలబడతాడు. పోయేటప్పుడే ఆ నంబరు భార్య చేతిలో పెట్టి, చిన్న రీఛార్జి చేయించుకుంటూ ఉంటే సగం తిప్పలు తప్పుతాయి. రేషన్ కార్డుకు వేలిముద్రల ఈకేవైసీ అడిగినప్పుడు ఊళ్లో లేనివాడి పేరు ప్రమాదంలో పడుతుంది. రైతుబీమా దరఖాస్తుకు సంతకం కావాల్సినప్పుడు పట్టా ఉన్న మనిషి మస్కట్‌లో ఉంటాడు. ఎన్ఆర్ఈ ఖాతా తెరిచినవాళ్లు వచ్చేశాక దాన్ని మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. ఆ ఖాతా అసలు తెరవకుండా, బ్యాంకును తప్పించి హుండీ దళారుల చేత డబ్బు పంపినవాడికి ఈ తలనొప్పి లేదు, కానీ ఏడాది పాటు సంపాదించినట్టు రుజువు కూడా లేదు. రేపు బ్యాంకులో ఆటోకు లోన్ అడిగితే చూపించడానికి చేతిలో కాగితం ముక్క ఉండదు. నూటికి అర్ధరూపాయి లాభం చూసి హుండీవాడిని పట్టుకున్నవాళ్లకు ఇది చెబితే నవ్వుతారు, లోన్ అడగబోయే రోజుదాకా.

ఇంట్లో పరిస్థితి అంత తేలిగ్గా రాయడానికి లేదు. ఈ జిల్లాలో గల్ఫ్ డబ్బు వచ్చేదాకా పొయ్యి వెలిగించింది బీడీ. చాటలో తునికాకు, పక్కన కత్తెర, ఒడిలో తంబాకు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు నిజామాబాద్ గల్లీల నుంచి బోధన్, ఆర్మూర్ పల్లెల దాకా ఎక్కడ చూసినా కనిపిస్తారు. మగడు పోయిన ఏడాదిలో నెల తప్పకుండా వచ్చిన జీతం బీడీల కూలే. వీసా అప్పులో కొంత ఆమె పొదుపు సంఘం నుంచి తీసిందే అయి ఉంటుంది. వారం వారం ఆ కంతు కట్టిందీ ఆమే. షావుకారితో మాట్లాడింది, పిల్లవాడిని బడిలో చేర్చింది, పాలు లీటరు కాకుండా అర్ధలీటరు చేసింది. మగడు వచ్చాక మొదటి వారం మురిపెం. రెండో వారం అతను బీడీల చాట పక్కన కూర్చుని, ఎవరికెంత ఇవ్వాలో ఆమె చెబుతుంటే వింటాడు. ఇంటి లెక్క ఆమె చేతికి పోయిందని అప్పుడు తెలుస్తుంది. కొందరు దాన్ని ఒప్పుకుంటారు. ఒప్పుకోలేనివాళ్లు కల్లు కాంపౌండు దారి పడతారు. తిరిగి రావడానికి సిద్ధపడటం అంటే మగవాడి సిద్ధపాటే అనుకుని రాస్తుంటాం. ఆమె సంగతి ఎవరు అడిగారు? తన పేరు మీద ఉన్న సంఘం అప్పు ఎంత మిగిలిందో, షావుకారికి ఎంత పోయిందో ఆఖరి మూడు నెలలు ఫోనులో ఇద్దరూ కూడి రాసుకున్న ఇళ్లల్లో ఆ రెండో వారం కొట్లాట తక్కువని, ఈ ఊళ్లల్లో తిరిగేవాళ్లకెవరికైనా తెలుసు.

మగవాళ్లకు కూడా ఒకటి చెప్పాలి. వచ్చిన మరుసటి రోజు నుంచి మొదలయ్యే దావత్‌లు. డ్యూటీఫ్రీ సీసా ఒకటి తెచ్చినా అది సాయంత్రానికే అయిపోతుంది. "దుబాయి పోయొచ్చినవ్, గింతేనా?" అన్న మాట పడకూడదని కోళ్లు, మేక, ఊరి పండుగ చందా. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, ఊరు ప్రేమతోనే అడుగుతుంది. కానీ అప్పు ఇంకా 46 వేలున్న మనిషి ఏం చేయగలడు? క్యాన్సల్ మీద వచ్చానని మొదటి రోజే గట్టిగా చెప్పడం ఒక్కటే చేయగలడు. చెప్పినవాడికి వారం ఇబ్బంది. ఛుట్టీ అని అబద్ధం ఆడినవాడు మూడు నెలలకు ఇంకా కనిపిస్తుంటే ఊరంతా నవ్వుతుంది.

చదువు కోసం పోయినవాళ్ల ఏడాది ఇంకో తీరు. నిజామాబాద్ పిల్లలు ఇంగ్లండ్‌లో ఒక్క ఏడాది మాస్టర్స్ చేసి, తర్వాత వర్క్ వీసా దొరక్క వాపస్ వస్తున్నారు. వాళ్ల అప్పు గల్ఫ్ అప్పుకు పదింతలు, పైగా తండ్రి ఇల్లో పొలమో బ్యాంకులో ఉంటుంది. అయినా వాళ్లకు ఇంగ్లిషుంది, హైదరాబాద్ ఉంది, 2023లో నిజామాబాద్‌లోనే తెరిచిన ఐటీ హబ్ ఉంది. వాళ్ల గురించి వేరే రాయాలి.

ఇక పని. బోధన్ చుట్టూ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది ఎక్కువగా బిహార్ నుంచి వచ్చినవాళ్లు. నాట్లకు కూడా ఉత్తరాది కూలీలు వస్తున్నారు. మనవాడు షార్జాలో అదే బరువు మోసి వచ్చాడు, ఇక్కడ మోయడు. బద్ధకమని తేల్చేసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. షార్జాలో మోస్తే చూసేవాడు లేడు, బోధన్‌లో మోస్తే బావమరిది చూస్తాడు. పైగా ఇక్కడి మిల్లుకు కావాల్సింది మిల్లులోనే పడుకుని, పిలిచినప్పుడల్లా లేచే మనిషి. ఊరివాడికి ఇల్లుంటుంది, చావులుంటాయి, పండుగలుంటాయి. గల్ఫ్‌లో మనవాడు ఏ కారణానికి పనికొచ్చాడో ఇక్కడ బిహారీ అదే కారణానికి పనికొస్తున్నాడు.

నేర్చుకున్న పని ఉన్నవాడి సంగతి కొంత నయం. స్కఫోల్డింగ్, ఏసీ డక్టింగ్, టైల్స్, జేసీబీ, స్టీల్ ఫిక్సింగ్ చేసినవాడికి నిజామాబాద్ టౌనులో పని దొరుకుతుంది. చేతిలో కాగితం ఉంటే ఇంకా బాగా దొరుకుతుంది. అందుకే వచ్చే ముందు కంపెనీ నుంచి అనుభవ పత్రం తీసుకోవడం గ్రాట్యుటీ అంత ముఖ్యం. ఉన్న పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్రం నైపుణ్య పథకాల్లో ఉంది. కరోనా వేళ 2020 జూన్‌లో తిరిగొచ్చినవాళ్ల నైపుణ్యాలు నమోదు చేయడానికి స్వదేస్ అని ఒక కార్డు కూడా పెట్టారు. ఆ ఊపు కరోనాతోనే పోయింది.

సర్కారు చేసిందేమిటని చూస్తే చిత్రంగా ఉంటుంది. పదో తరగతి పాసు కానివాళ్ల ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. మంచి పథకం. విజిట్ వీసా మీద పోయి అక్కడ పని వెతుక్కునేవాడు దానికి బయటే. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. అదీ అవసరమే, ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. వాళ్ల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం అన్నారు. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటరు తెరిచారు. విదేశాలకు మనుషుల్ని పంపడానికి 2015 నుంచి టామ్‌కామ్ అనే సర్కారు కంపెనీయే ఉంది. పోవడానికి కంపెనీ, చస్తే పరిహారం. నడిచి వచ్చినవాడి పేరు ఏ రిజిస్టరులో రాయాలి?

తిరిగి రావడం కోసమే పెట్టిన పథకం ఒకటి ఉండేది. 2012లో మొదలైన మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్ష యోజన. ఈసీఆర్ కార్మికుడు ఏడాదికి కొంత పొదుపు చేస్తే పింఛనుకు మగవాడికి వెయ్యి, ఆడమనిషికి రెండు వేలు కేంద్రం కలిపేది. వాపస్ వచ్చి స్థిరపడటానికి నాలుగు వేలు దాచుకుంటే 900 వేసేది. చేరినవాళ్లు తక్కువని 2017లో ఎత్తేశారు. నూటికి మూడు రూపాయల మిత్తి కడుతున్నవాడు నాలుగు వేలు ఎలా దాస్తాడన్న ఆలోచన పథకం రాసినవాళ్లకు రాలేదు. ముందు ఆ అప్పును చౌక వడ్డీ బ్యాంకు అప్పుగా మార్చి ఉంటే, పొదుపు దానంతట అది వచ్చేది. నూటికి మూడు రూపాయలకు బదులు ఒక్క రూపాయి మిత్తి అయితే, మనం పైన వేసిన లెక్కలోనే 46 వేల బాకీ 24 వేలకు దిగుతుంది.

కేరళ వేరే దారిలో పోయింది. 1996లోనే నోర్కా అని ప్రత్యేక శాఖ, తర్వాత ప్రవాసీ సంక్షేమ బోర్డు, పింఛను. 1998 నుంచి జకారియా, ఇరుదయ రాజన్ వలస సర్వేలు చేస్తూ ఎంతమంది పోయారో మాత్రమే కాదు, ఎంతమంది వచ్చారో కూడా లెక్క తీశారు. తిరిగొచ్చినవాళ్లు సొంత పని పెట్టుకోవడానికి 30 లక్షల దాకా అప్పు, అందులో 15 శాతం, మూడు లక్షలకు మించకుండా సబ్సిడీ. మన దగ్గర ఎన్నారై విధానం అన్న హామీ 2014 నుంచి ప్రతి ఎన్నికలో వినబడుతుంది.

ఎన్నికల మాట ఊరికే తేలేదు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేస్తే వాళ్లలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. దేశమంతా ఇటు చూసింది. 2025లో వాళ్లు అడిగిన జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కే వచ్చింది. గల్ఫ్‌వాడు అలాంటి పని చేయలేడు, ఎందుకంటే అతను ఇక్కడ లేడు. ప్రవాస ఓటరుగా పేరు రాయించుకునే హక్కు 2010 చట్ట సవరణతో వచ్చినా, ఓటు వేయాలంటే విమానం ఎక్కి సొంత బూతుకు రావాల్సిందే. తిరిగొచ్చి ఇక్కడ ఉన్నప్పుడైనా నోరు విప్పుతాడా అంటే, అప్పటికే ఇంకో వీసా కోసం ఏజెంటు ఇంటి చుట్టూ తిరుగుతుంటాడు.

ఇక వచ్చేవాళ్లకు పని మాట. మూతపడ్డ బోధన్ ఫ్యాక్టరీని మళ్లీ తెరవడానికి 2024 జనవరిలో ప్రభుత్వం కమిటీ వేసింది. ఫ్యాక్టరీ నడవాలంటే చెరకు కావాలి, నాటినది కోతకు రావడానికి దగ్గరదగ్గర ఏడాది. ఫ్యాక్టరీ ఆడుతుందన్న నమ్మకం లేకుండా రైతు నాటడు. ఒకవేళ తెరిచినా కొత్త యంత్రాలకు 1980ల నాటి అంతమంది అక్కర్లేదు. అందువల్ల వాపస్ వచ్చేవాళ్లందరికీ అదే జవాబని చెప్పలేం. తక్షణం చేయగలిగింది చిన్నది. నిజామాబాద్ కలెక్టరేట్‌లో వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే ఒక బల్ల, అక్కడే గల్ఫ్ బాకీ జీతాల దావాలు రాసిపెట్టే ఒక మనిషి, వీసా అప్పును మహిళా సంఘం ద్వారానో సహకార బ్యాంకు ద్వారానో తక్కువ మిత్తికి మార్చే ఒక పద్దు, పనితనం ఉన్నవాడికి పరికరాలు కొనుక్కునే చిన్న అప్పు. రేపు తెలంగాణ ఇలాంటిది తెస్తే కేరళ కాగితాన్ని మక్కీకి మక్కీ దించుకుంటారేమోనన్నదే నా భయం. అక్కడి అప్పు పథకానికి కనీసం రెండేళ్లు విదేశంలో ఉండి ఉండాలన్న షరతుంది. ఆ షరతు ఇక్కడికి వస్తే, మిత్తి ఇంకా తీరని ఏడాదివాడు మళ్లీ బయటే మిగిలిపోతాడు. అర్హతకు సంవత్సరాలు లెక్కపెట్టకుండా, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్రో చేతిలో ఔట్‌పాసో ఉంటే చాలని రాయాలి.